మిల్లువాళ్ళ ఐదో కంప్యూటర్

పోయిన వానాకాలంలో నేను కోదాడలో ఒక గది వెతకడం మొదలుపెట్టాను. కిరాయికి, నా ఒక్కదానికే. ఆ సంగతి మా ఆయనకు చెప్పలేదు, హాస్టల్లో ఉన్న కూతురికి చెప్పలేదు, తోడబుట్టినవాళ్ళకు అసలే చెప్పలేదు. మా ఇంటి కంప్యూటర్‌కు ఒక్కదానికే తెలుసు. దానికి చెబితే అది ఇంకెవరికీ చెప్పదనుకున్నాను. యాభై దాటినదాన్ని, పాతికేళ్ళకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, ఇంత అమాయకంగా ఎట్లా అనుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు.

మా ఇల్లు సూర్యాపేటలో. నేను సర్కారు బడిలో తెలుగు టీచరును. బదిలీల్లో నన్ను చిలుకూరు దగ్గరి బడికి వేశారు. పొద్దున్నే కోదాడ దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. సాయంత్రం మళ్ళీ ఆటో, మళ్ళీ బస్సు. అందుకని గది బడికి దగ్గరగా ఉంటుందని చెప్పుకోవడానికి మంచి సాకు దొరికింది. సాకు అని నేనే ఒప్పుకుంటున్నాను. నేను అలసిపోయింది బస్సు వల్ల కాదు.

మా ఆయన బస్ డిపో ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. రిటైరైన మర్నాడు హాల్లో టీవీ ముందు కూర్చున్నాడు, అప్పటినుంచి లేవలేదు అంటే అబద్ధమే గానీ మరీ పెద్ద అబద్ధం కాదు. చెడ్డవాడు కాదు. తాగడు, గొంతెత్తడు. కానీ నేను వంటింట్లోకి పోతే "ఏం జేస్తున్నవ్?" అంటాడు. పెరట్లోకి పోతే "యాడికి వోతున్నవ్?" అంటాడు. ఏమీ చేయకుండా కుర్చీలో కూర్చుంటే "ఏమైంది, గట్ల కూసున్నవ్?" అంటాడు. ఈ మూడు ప్రశ్నలకు రోజూ జవాబు చెప్పీ చెప్పీ విసిగిపోయాను. బడిలో నలభై మంది పిల్లలు పిలుస్తారు, ఇంట్లో ఈయన ఒక్కడే నలభై మందంత పిలుస్తాడు.

మా పడకగదికి లోపలి గడియ లేదు. కూతురు మూడేళ్ళప్పుడు లోపల గడియ వేసుకుని, తీయడం రాక ఏడిస్తే, ఆయన కిటికీ ఊచ వంచి దాన్ని బయటికి తీశాడు. ఆ రోజే గడియ ఊడబెరికాడు. నాలుగు మేకుల బొక్కలు ఇప్పటికీ తలుపు మీద ఉన్నాయి. మళ్ళీ పెట్టిద్దామని నేను అన్నప్పుడల్లా "ఇంట్ల ఉన్నదే మనిద్దరం, ఎవరి మీద గడియ?" అంటాడు.

గది వెతకడానికి ఫోన్ ఉంది కదా అంటారేమో. మా ఇంట్లో ఫోన్ అంటే అందరిదీ. నా ఫోన్ టీవీ పక్కన పడి ఉంటుంది. మోగితే దగ్గర ఎవరుంటే వాళ్ళు ఎత్తుతారు. మెసేజ్ వస్తే మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని పైకి చదువుతాడు, వార్తలు చదివినట్టు. కంప్యూటర్‌ను మాత్రం ముట్టడు. డిపోలో దానితో పడ్డ బాధ చాలంటాడు. ఆయన సాయంత్రం ఆరున్నరకు వాకింగ్‌కు పోయి ఏడున్నరకు వస్తాడు. ఆ గంట నాది. బస్సు దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కంప్యూటర్ ముందు కూర్చుని కోదాడలో గదులు వెతికేదాన్ని. ఆయన చెప్పుల చప్పుడు గేటు దగ్గర వినబడగానే చూసిన పేజీలన్నీ మూసి, హిస్టరీ మొత్తం తుడిచేసేదాన్ని, పొయ్యి గట్టు తుడిచినంత శుభ్రంగా.

అప్పుడే కంప్యూటర్‌లో ప్రైవసీ సెట్టింగులు అనేవి ఉంటాయని తెలిసి వాటిలోకి వెళ్ళాను. ఇంగ్లీషులో వరుసగా ప్రశ్నలు. ఈ యాప్ మీరెక్కడున్నారో తెలుసుకోవచ్చా? ఈ యాప్ మీ మాట వినవచ్చా? ఈ యాప్ మీ కెమెరా వాడుకోవచ్చా? ప్రతి ప్రశ్న పక్కనా ఒక చిన్న మీట. అవి చదువుతూ చాలాసేపు కూర్చున్నాను. నన్ను ఇట్లా అడిగినవాళ్ళు ఇప్పటిదాకా ఎవరూ లేరు. పుట్టింట్లో లేరు, అత్తింట్లో లేరు, బదిలీ చేసిన ఆఫీసులో అంతకన్నా లేరు. ఒక ప్రాణం లేని పెట్టె అడుగుతోంది, చూడవచ్చా అని. అన్నిటికీ వద్దు అని నొక్కాను. ఒక్కొక్క వద్దుకూ ఒంట్లో బరువు కాస్త దిగినట్టనిపించింది.

ఆన్‌లైన్ పాఠాల రోజుల్లో కొన్న కెమెరా ఒకటి తెర మీద కూర్చుని ఉండేది. అది మనకు తెలియకుండా కూడా చూస్తుందని బడిలో ఎవరో అన్నారు. మీట ఆపినా నమ్మకం కలగక, నా డబ్బీలోంచి ఒక ఎర్ర బొట్టుబిళ్ళ తీసి దాని కంటి మీద అతికించాను. ఎవరూ ఇదేమిటని అడగలేదు. దసరాకు యంత్రాలన్నిటికీ బొట్లు పెట్టే ఇల్లు కదా, పండగ బొట్టు అనుకున్నారు. మా ఆయన ఒకసారి దేవుడి దగ్గర అగరబత్తి తిప్పి, వస్తూ వస్తూ దానికి కూడా తిప్పాడు.

ఇంత జాగ్రత్త పడ్డ నేను, తెర కుడివైపు కింద మూలన కూర్చున్న ఇద్దరు కాపలావాళ్ళ సంగతి మాత్రం పట్టించుకోలేదు. వాళ్ళు చుట్టాలు పెట్టిన కాపలావాళ్ళు మరి.

మా వైపు గృహప్రవేశానికి స్టీలు గిన్నెలు పెడతారు, పెట్టినవాళ్ళ పేరు చెక్కించి. ఆ గిన్నె మనకు నచ్చినా నచ్చకపోయినా అటకెక్కించడానికి లేదు. వాళ్ళు ఎప్పుడో ఒకసారి భోజనానికి వస్తారు, పప్పు ఏ గిన్నెలో వచ్చిందో చూస్తారు. తమ గిన్నె కనబడకపోతే నోటితో ఏమీ అనరు, కానీ మరో మూడేళ్ళు ఆ సంగతి వేరే చోట్ల అంటూ ఉంటారు. మా కంప్యూటర్‌లోకి యాంటీవైరస్‌లు అట్లాగే వచ్చాయి.

మొదటిది మా మరిది పెట్టింది. అంటే నా చెల్లెలి భర్త. కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాడు. కంప్యూటర్ కొన్న కొత్తలో వచ్చి, కాఫీ చల్లారేలోపు ఒక ఉచిత యాంటీవైరస్ ఎక్కించాడు. అప్పటినుంచి ఎప్పుడొచ్చినా చెప్పులు విప్పకముందే తెర మూలకు చూస్తాడు. "వదినగారూ, మనం పెట్టింది ఉందా, తీసేశారా?"

"ఉంది ఉంది. మీరు పెట్టింది తీస్తమా?" అనేదాన్ని.

రెండోది మా అన్నది. మా పుట్టిల్లు మిర్యాలగూడ, మాది రైస్ మిల్లు. నాన్న తర్వాత అన్నే చూసుకుంటున్నాడు. రెండేళ్ళ కింద మిల్లులో కంప్యూటర్లు చూసే మనిషిని కారులో కూర్చోబెట్టుకుని వచ్చాడు.

"సెల్లె, మిల్లుకు పెద్ద సెక్యూరిటీ తీస్కున్నం. ఐదు కంప్యూటర్లకు వస్తది. మాకు ఉన్నయి నాలుగే. ఐదోది ఉత్తగ వోతది ఎందుకని నీకు పెట్టిద్దామని తోల్కొచ్చిన" అన్నాడు.

మా అన్నకు సెక్యూరిటీ అంటే మిల్లులో సీసీ కెమెరాలు. పొద్దున లేచి పళ్ళు తోముకుంటూనే ఫోన్‌లో బస్తాల వరసలు చూసుకుంటాడు. కాపలా కాయడం అంటే చూస్తూ ఉండటం. ప్రేమ కూడా ఆయనకు దాదాపు అదే. ఆ మనిషి అరగంట ఏదో కొట్టి, ఎక్కించి, అయిపోయింది సేటూ అన్నాడు. అన్న నా తల మీద చెయ్యి పెట్టి, "ఇగ నీకు పరేషాన్ లేదు" అని వెళ్ళిపోయాడు.

పరేషాన్ అప్పుడు మొదలైంది. ఒకే కంప్యూటర్‌లో రెండు యాంటీవైరస్‌లు ఉండకూడదట. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. అవి ఒకదాన్నొకటి దొంగ అనుకుంటాయి. మరిది పెట్టింది అన్న పెట్టినదాన్ని పట్టుకుని ప్రమాదం అని ఎర్రగా అరుస్తుంది. అన్న పెట్టింది మరిది పెట్టినదాన్ని తీసేయమని రోజూ పోరు పెడుతుంది. కంప్యూటర్ ఆన్ చేసి, వెళ్ళి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వస్తే అప్పటికి కళ్ళు తెరిచేది. ఒకటి తీసేయాలి. ఏది తీయాలి?

మరిదిని అడిగాను. "రెండూ కొట్టుకుంటాయి వదినగారూ. ఆ మిల్లుది తీసేయండి, అది ఆఫీసులకు. ఇళ్ళకు మనది చాలు" అన్నాడు.

అన్నను అడిగాను. "గా ఫ్రీది తీసెయ్. ఉత్తగ ఇచ్చేటోడు ఏం కాపలా గాస్తడు?" అన్నాడు.

అన్న పెట్టింది తీస్తే పుట్టింటివాళ్ళ మాట తీసేసినట్టు. మరిదిది తీస్తే చెల్లెలి ముఖం చిన్నబోతుంది. రెండూ ఉంచాను. రెండేళ్ళు ఉంచాను. మా వంటింట్లో నేను వాడని గిన్నెలు పదమూడు ఉన్నాయి, అవీ అట్లాగే ఉంచాను. నా బతుకు మొత్తం ఈ ఉంచడంలోనే అయిపోయిందని ఆ రోజుల్లో తరచుగా అనిపించేది.

గది వెతుకుతున్న ఆ నెలల్లో ఇంట్లో చిత్రమైన మార్పు ఒకటి వచ్చింది. ఏడాదికి రెండుసార్లు వచ్చే అన్న నెలలో మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి కొత్తబియ్యం బస్తా తెచ్చాడు. "మాడుగులపల్లి దిక్కు వడ్లు సూడవోయిన, గట్లనే ఇటు వచ్చిన" అన్నాడు. మాడుగులపల్లి ఎక్కడ, సూర్యాపేట ఎక్కడ? మిర్యాలగూడ నుంచి అదొక దిక్కు, ఇదొక దిక్కు. వయసు మీద పడుతోంది, దారులు కలిసిపోతున్నాయేమో అనుకున్నాను. మా ఆయన స్నానానికి పోగానే అన్న కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"బావ మంచిగనే సూస్కుంటుండా?"

"ఎందుకట్ల అడుగుతున్నవ్?"

"ఏం లే. ఉత్తగనే."

"మంచిగనే ఉన్నం అన్నా" అన్నాను, కాస్త కటువుగానే. బడి నుంచి అప్పుడే వచ్చాను, ఇంకా ముఖం కూడా కడుక్కోలేదు. నా గంట నాకు పోయింది.

తర్వాతిసారి మా ఆయనను పట్టుకుని, "బావా, ఆడిపిల్ల ఇద్దరి పని ఒక్కతే జేస్తున్నది, జర ఆమెను సూస్కోవాలె" అన్నాడు. అన్న వెళ్ళాక మా ఆయన బిక్కముఖం వేసుకుని, "మీ అన్నకు ఏమైంది? నేనేమన్న జేసిన్నా?" అని నన్ను అడిగాడు. నాకేం తెలుసు? చెల్లెలు కూడా రెండు రోజులకోసారి ఫోన్ చేయడం మొదలుపెట్టింది. "అక్కా, ఏదన్న ఉంటె నాతోని చెప్పు, లోపల పెట్టుకోకు." ఏముందని చెప్పను? అందరి మీదా చిరాకు వేసేది. ఒంటరిగా ఉండటానికి నేను తంటాలు పడుతుంటే, ఎన్నడూ లేనిది అందరూ మీద పడి ప్రేమిస్తున్నారు.

ఒక ఆదివారం పొద్దున పిల్లల మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించడానికి కూర్చున్నాను. ఆ రోజే ఆఖరు. మార్కుల పేజీ తెరుచుకోలేదు. అన్న పెట్టిన యాంటీవైరస్ అడ్డం పడి, ఈ పేజీ క్షేమం కాదు అంది. సర్కారువాళ్ళ పేజీ క్షేమం కాదని మిల్లువాళ్ళ కాపలావాడు చెబుతున్నాడు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇక చుట్టరికాలూ వద్దు, మర్యాదలూ వద్దు, రెండూ తీసిపారేస్తాను అనుకున్నాను. మరిదిది తీయడానికి రెండు నిమిషాలు పట్టింది. అది నిజంగా మీరు మమ్మల్ని వదిలేస్తున్నారా అని మాత్రం రెండుసార్లు అడిగింది. అన్న పెట్టింది తీయబోతే పాస్‌వర్డ్ అడిగింది. నాకు తెలియదన్నాను. మీ నిర్వాహకుడిని సంప్రదించండి అంది.

నా నిర్వాహకుడు ఎవరు? నవ్వొచ్చింది మొదట. ఆ ప్రశ్నకు మా ఇంట్లో ఒక్కో వయసులో ఒక్కో జవాబు ఉండేది. తర్వాత వెతుక్కుంటూ లోపలికి వెళ్ళాను. ఒక పేజీలో మా కంప్యూటర్ పేరు ఉంది. నేను పెట్టిన పేరు కాదు. మిల్ ఫైవ్ అని ఉంది. దాని కింద నివేదికలు అని ఇంకో పేజీ. ప్రతి సోమవారం పొద్దున పంపబడును. ఎవరికి అన్నచోట మా అన్న ఈమెయిల్ ఉంది.

పోయిన వారం నివేదిక తెరిచాను. నేను చూసిన పేజీలు, చూసిన టైము, వెతికిన మాటలు అన్నీ వరుసగా ఉన్నాయి. నేను తుడిచేసినవన్నీ అక్కడ భద్రంగా ఉన్నాయి.

కోదాడలో ఒక గది కిరాయికి. ఒంటరి ఆడవారికి గది కోదాడ. గది సొంత బాత్రూమ్ మేడ మీద. భర్త నుంచి దూరంగా కొన్నాళ్ళు ఉండటం తప్పా. తలుపు లోపలి గడియ ఎట్లా పెట్టాలి.

భర్త నుంచి అనే ఆ మాట నేను ఒక్కసారే కొట్టాను, ఒక సాయంత్రం, బాగా అలసి ఉన్నప్పుడు. కొట్టి, ఏమీ చదవకుండానే మూసేశాను. అది కూడా అక్కడ టైముతో సహా ఉంది. సోమవారం నివేదిక పోతుంది, మంగళవారమో బుధవారమో అన్న మా గేటు ముందు కారు ఆపుతాడు. బియ్యం బస్తా, మాడుగులపల్లి వడ్లు, బావ మంచిగనే సూస్కుంటుండా, అన్న చెప్పగా వచ్చిన చెల్లెలి ఫోన్లు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

కోపం వచ్చింది. సిగ్గు వచ్చింది. మిల్లులో ఇంకెంతమంది చూశారో అన్న భయం వచ్చింది. ఫోన్ చేసి నాలుగు మాటలు అందామని లేచాను. ఫోన్ టీవీ పక్కన, మా ఆయన చేతికి అందే దూరంలో ఉంది. మళ్ళీ కూర్చున్నాను. కూర్చున్నాక అన్న ముఖం గుర్తొచ్చింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, అడగలేక అడగలేక, ఏం లే ఉత్తగనే అన్నప్పటి ముఖం. చూసినవాడు అడగలేడు. అడిగితే చూశానని ఒప్పుకోవాలి. ఇన్ని వారాలూ ఆ మనిషి చెల్లెలి కాపురం కూలిపోతోందని లోపల లోపల మోసుకుని తిరిగాడు.

ఆ నివేదిక మళ్ళీ రేపు పొద్దున పోతుంది. అది ఆపడం నా చేతిలో లేదు. కానీ అందులో ఏం ఉండాలో నా చేతిలోనే ఉంది.

వెతికే చోట ఒక్కొక్క అక్షరం కొట్టాను. తెలుగు టీచరును, మూడుసార్లు చెరిపి రాశాను. చివరికి ఇట్లా కొట్టాను: "అన్నా నాకేం కాలే బావ మంచోడే నాకు ఒక్క గది కావాలె అంతే ఇగ సూడకు."

కంప్యూటర్ దానికి కూడా ఏదో వెతికి పెట్టింది. రాఖీ పండగ శుభాకాంక్షల బొమ్మలు వచ్చాయి, పూలూ దారాలూ. మార్కులు ఆ మధ్యాహ్నం పక్క వీధి టీచరు ఇంట్లో ఎక్కించి వచ్చాను.

సోమవారం సాయంత్రం బడి నుంచి వచ్చి కంప్యూటర్ పెట్టాను. బియ్యం కడగకముందే తెరుచుకుంది. కింద మూలన అన్న పెట్టిన గుర్తు లేదు. ఈ పరికరాన్ని నిర్వాహకుడు తొలగించారు అని ఒక చిన్న వాక్యం కనబడి పోయింది. మూల ఖాళీగా ఉంది. అడిగింది నేనే. అయినా ఆ ఖాళీ చూసేసరికి ఏడుపొచ్చింది. నన్ను చూడవద్దు అనుకున్నాను గానీ, చూసేవాడు లేచి వెళ్ళిపోతే ఇట్లా ఉంటుందని అనుకోలేదు.

ఫోన్ మోగింది. మా ఆయన వాకింగ్‌లో ఉన్నాడు కాబట్టి నేనే ఎత్తాను. అవతల మిల్లు చప్పుడు.

"సెల్లె."

"ఆ, అన్నా."

చప్పుడు తగ్గింది, బయటికి నడిచినట్టున్నాడు. తర్వాత అన్నాడు, "కావాలని సూడలె. అదే వస్తది ఫోన్ల. మొదట్ల నీదని తెల్వలె. ఐదోది నీకిచ్చిన సంగతి యాదికి లేదు. ఒంటరి ఆడవారికి గది అని వచ్చేసరికి మా గుమాస్తా ఎవర్నో ఆడామెను పెట్టుకుంటుండని వాన్ని పిల్సి తిట్టిన."

"అయ్యో. ఏమన్నడు?"

"ఏమంటడు? సేటూ, మిల్లుల నాలుగే గద ఉన్నయి, ఐదోది యాడుందో మీరే సూస్కోండ్రి అన్నడు. మూడు దినాలు నాతోని మాట్లాడలె."

నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను. అన్న నవ్వలేదు.

"వానికి నీదని సమజ్ కాలేదు తియ్. నాకే సమజైంది. నీకు నేనెన్నడు ఏం కావాల్నో అడగలే సెల్లె. తెచ్చి ఇచ్చుడే తెల్సు నాకు." మళ్ళీ తనే, "ఒకటి అడుగుత. బావకు నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అన్నాడు.

"నేనే చెప్త" అన్నాను.

ఆయన వాకింగ్ నుంచి వచ్చి, మంచినీళ్ళు తాగి, టీవీ రిమోట్ చేతిలోకి తీసుకున్నాడు. జర ఆగమన్నాను. కోదాడలో ఒక గది తీసుకుంటానని, సోమవారం నుంచి శుక్రవారం దాకా అక్కడే ఉంటానని, శనివారం వస్తానని చెప్పాను. బడికి దగ్గరనే సాకు నాలుక చివర దాకా వచ్చింది. ఆ మాట మాత్రం అనలేదు.

"నేనేం జేసిన?" అన్నాడు.

"మీరేం చెయ్యలేదు."

"మరి?"

"అలిసిపోయిన" అన్నాను. ముప్పై ఏళ్ళలో ఆ మాట ఆయనతో ఇట్లా ఎదురుగా కూర్చుని అనడం అదే మొదలు. ఆయన టీవీ రిమోట్‌ను అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. కోపం చేసుకుంటాడనుకున్నాను. చేసుకుంటే నాకు సుళువయ్యేది. చివరికి, "కంప్యూటర్ తీస్కపోతవా?" అని అడిగాడు.

"వద్దు. మీరే ఉంచుకోండి" అన్నాను.

గది మరిదే చూసిపెట్టాడు, కోదాడ బస్టాండు వెనక సందులో, మేడ మీద. తన యాంటీవైరస్ తీసేశానని తెలిసినా ఏమీ అనలేదు. ల్యాప్‌టాప్ కొంటే మాత్రం తనకు చెప్పమన్నాడు, ఒకటి వేస్తానని. ఇంటి ఓనరమ్మ మీ సారు రారా అని అడిగింది. శనివారం నేనే పోతానన్నాను. ఆమెకు ఏమనిపించిందో తెలియదు గానీ గది ఇచ్చింది. ఒక మంచం, ఒక కుర్చీ, గిన్నెలు నేను కొనుక్కున్నవి మూడు. వాటి మీద ఎవరి పేరూ లేదు. తలుపుకు లోపల ఇనప గడియ ఉంది. మొదటి రోజు సాయంత్రం దాన్ని వేశాను. కాసేపటికి తీసి మళ్ళీ వేశాను. ఆ తర్వాత మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ ఉండిపోయాను, గట్ల పడుకున్నవేంది అని ఎవరూ అడగలేదు.

అలసట పోయిందా అంటే పోలేదు. ఇన్నేళ్ళది ఒక గడియతో పోతుందా? కానీ అది నాదే అని తెలుస్తోంది. మా ఆయన రోజూ ఫోన్ చేస్తాడు. "ఏం జేస్తున్నవ్?" అనే అడుగుతాడు. నలభై కిలోమీటర్ల అవతలినుంచి ఆ మాట అంత చెడ్డగా వినబడదు. అన్నం వండటం నేర్చుకున్నాడు, కొంచెం మెత్తగా అవుతోందట. ఈ మధ్య కంప్యూటర్ కూడా పెడుతున్నాడు. కెమెరా మీది బొట్టు ఊడిపోయిందని, మళ్ళీ ఏ వేలితో పెట్టాలని ఒక రోజు అడిగాడు.

పోయిన నెల అన్న వచ్చాడు. ఆదరాబాదరా మెట్లెక్కే మనిషి, ఆ రోజు మెల్లగా ఎక్కుతున్నట్టు వినబడింది. నేను కుర్చీలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. గాలి కోసం తలుపు బార్లా తెరిచి పెట్టాను. అన్న భుజం మీద చిన్న బియ్యం సంచితో గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. నేను కనబడుతున్నాను, తలుపు తెరిచే ఉంది, ఆయన నా సొంత అన్న. పుట్టిన దగ్గర్నుంచి మా ఇళ్ళల్లో ఏ గుమ్మం దగ్గరా ఎవరూ ఆగగా నేను చూడలేదు.

సంచి దించకుండానే అడిగాడు.

"సెల్లె, లోపటికి రావచ్చునా?"

పెన్ను పేపర్ల మీద పెట్టి, రా అన్నా అనడానికి లేచి గుమ్మం దాకా వెళ్ళాను. నేను ఆ మాట అనేదాకా ఆయన బరువుతో అట్లాగే బయట నిలబడ్డాడు.